హీరో వెయ్యని గేరు

సికిందరాబాదులో పుట్టి పెరిగినవాడికి రెండు పిచ్చులు తప్పవు. ఒకటి సినిమా, రెండోది జీపు. హాళ్లకు కొదవ లేని ఊరు కాబట్టి మొదటిది, కంటోన్మెంటు ఉన్న ఊరు కాబట్టి రెండోది.

మా చిన్నప్పటి తెలుగు బొమ్మల్లో క్లైమాక్సు ఎలా ఉండేదో మీకు వేరే చెప్పాలా? గోడౌన్లో ఖాళీ డ్రమ్ములు దొర్లాలి. హీరో పెదవి చివర రక్తపు చుక్క కనబడాలి. విలను చేతిలో హీరోగారి అమ్మ ఉండాలి. అంతా అయిపోయాక తీరుబడిగా పోలీసు జీపు రావాలి! జీపు తెరమీద కనబడిందో లేదో, నేల టిక్కెట్టువాళ్లం చీకట్లో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేవాళ్లం. అందరూ దాన్ని చూసి నవ్వేవారు. నేను మాత్రం నవ్వేవాణ్ణి కాదు. దాని చక్రాలవంకే చూసేవాణ్ణి. ఎందుకంటే మా చిన్నాయన జీపుల డాక్టరు!

డాక్టరంటే మిలటరీలో బండ్ల మెకానిక్కు లెండి. తిరుమలగిరిలో ఇ.ఎం.ఇ. కాలేజీ ఉంది కదా, సైన్యంలో బండ్లూ యంత్రాలూ బాగుచేసే విద్య అక్కడ నేర్పుతారు. చిన్నాయన అక్కడే నేర్చుకున్నాడు, దేశమంతా తిరిగాడు, రిటైరయ్యాక ఆ చుట్టుపక్కలే ఇల్లు కట్టుకున్నాడు. జబల్‌పూర్‌లో తయారైన జోంగాలూ, యుద్ధకాలం నాటి విల్లీస్ జీపులూ, వాటి అంశలో 1947 నుంచి మన దేశంలో బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా జీపులూ - అన్నిటి పేగులూ ఆయనకు తెలుసు. రాణిగంజిలో స్పేరుపార్టుల దుకాణాలవాళ్లు ఆయన్ని చూడగానే "రండి ఉస్తాద్" అని స్టూలు జరిపేవాళ్లు.

"బండికి చక్రాలు ఎన్నున్నయని కాదురా, ఇంజను తిప్పేటియి ఎన్నని అడుగు" అనేవాడాయన. అదే నా మొదటి పాఠం.

మామూలు చిన్నకారులో ఇంజను బలం ముందు రెండు చక్రాలకే పోతుంది. వెనక రెండూ ఊరికే దొర్లుతాయి. ముందు చక్రాల మధ్య డిఫరెన్షియల్ అని ఒకటుంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడాను అది సర్దుతుంది. అయితే దానికొక బలహీనత ఉంది. ఒక చక్రం బురదలో జారిందంటే బలమంతా ఆ జారే చక్రంతోనే వృథా అయిపోతుంది. గట్టినేల మీదున్న రెండోది చేతులు కట్టుకుని నిలబడుతుంది. అదే వెనక చక్రాలకు కూడా ఇంజను బలం అందితే అవి వెనకనుంచి నెడతాయి, బండి బయటపడుతుంది. ఇంతే, నాలుగు చక్రాల బండి రహస్యం!

నాకు డ్రైవింగు వచ్చిన నాటినుంచీ ఒక్కటే కోరిక. జీపంత మొరటుగా ఉండకూడదు. మారేడుపల్లి సందుల్లో పట్టాలి. వెనక తలుపు పైకెత్తి సామాను పెట్టుకునేలా ఉండాలి. డీజిలుతో నడవాలి. నాలుగు చక్రాలూ తిరగాలి. పెళ్లిసంబంధాల పేరయ్యకు చెప్పినట్టు షోరూమువాళ్లకు ఈ లక్షణాలన్నీ చెబితే, వాళ్లు జాలిగా చూసి "లీటరుకి ఎంతిస్తుందో చెప్పమంటారా సార్?" అనేవారు.

అలాంటి కారు లోకంలో లేకపోలేదు. ఇటలీలో ఫియట్‌వారి పాండా అనే బుల్లి కారుకు 1983లోనే నాలుగు చక్రాల రకం వచ్చింది. ఆ చక్రాల ఏర్పాటు ఆస్ట్రియాలోని స్టెయిర్ పుఖ్‌వారిది. తరవాతి తరం పాండాలో నాలుగు చక్రాల రకానికి 1.3 లీటర్ల డీజిలు ఇంజను కూడా జత కలిసింది. ఆ ఇంజను ఎవరనుకున్నారు? మనవాళ్లకు బాగా ఎరుకైనదే! 2007లో మన స్విఫ్ట్ డీజిలులోకి వచ్చింది ఆ కుటుంబంలోదే. ఆ తరవాత టాటా ఇండికా విస్టాలోకీ వచ్చింది. అక్కడ మంచుకొండల్లో నాలుగు చక్రాలు తిప్పిన ఇంజను ఇక్కడ రెండు చక్రాలతో సరిపెట్టుకుంది.

ఇంకో తమాషా వినండి. సుజుకివారూ ఫియట్‌వారూ కలిసి చేసిన ఎస్‌ఎక్స్ 4 అనే కారు 2006లో యూరపులో హ్యాచ్‌బ్యాక్‌గా వచ్చింది. డీజిలు ఇంజనూ ఉంది, నాలుగు చక్రాలకు బలమూ ఉంది. ఫియట్‌వారు తమ దానికి పెట్టుకున్న పేరు సెదీచి. ఇటలీ భాషలో సెదీచి అంటే పదహారు. నాలుగు నాలుగులు పదహారు కదా, అదీ చమత్కారం! అదే ఎస్‌ఎక్స్ 4 మరుసటి సంవత్సరం మన దేశానికి డిక్కీ ఉన్న సెడాన్‌గా వచ్చింది. 2011లో దానికి డీజిలు కూడా పెట్టారు. తిరిగే చక్రాలు మాత్రం రెండే.

తప్పు కంపెనీలది అనడానికీ లేదు. 2006 బడ్జెట్టులో చిన్నకారుకు పన్ను తగ్గించారు. నాలుగు మీటర్ల లోపు పొడవు, డీజిలైతే 1500 సీసీ లోపు ఇంజను ఉండాలన్నారు. ఇక అందరూ ఆ కొలతల్లో ఎంత చవకగా ఇవ్వగలమా అని చూశారు. వెనక్కి వెళ్లే షాఫ్టు, వెనకో డిఫరెన్షియల్, మధ్యలో క్లచ్చు - ఇవన్నీ బరువు, ఖర్చు. మైలేజీకి దెబ్బ. మంచు పడని ఊళ్లో ఎవరడుగుతారు వాటిని? నాలాంటి సినిమా పిచ్చివాడు తప్ప!

చివరికి 2014లో రెనోవాళ్ల డస్టర్‌కు మన దేశంలో డీజిలుతో నాలుగు చక్రాల రకం వచ్చింది. దాన్ని ఎస్.యు.వి. అనేవారు గాని, ఆ బండి సాండెరో అనే హ్యాచ్‌బ్యాక్‌కు దగ్గర చుట్టమే. ఇంజను 1461 సీసీ. నాలుగు మీటర్లు దాటిన పొడవు, కాబట్టి పన్ను రాయితీ లేదు. కొత్తది కొనే తాహతు నాకూ లేదు. నాలుగేళ్లు ఆగి సెకండ్‌హాండ్‌ది కొన్నాను. ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ హారతి ఇచ్చింది. నేను మాత్రం గేరు దగ్గరున్న గుండ్రటి మీటనే మురిపెంగా చూసుకున్నాను. దానికి మూడు స్థానాలు. ఒకదాంట్లో రెండు చక్రాలే తిరుగుతాయి. ఆటోలో పెడితే, ముందువి జారినప్పుడు వెనకవాటికి బలం అదే పంపిస్తుంది. మూడోది లాక్. రెండు జంటలనూ కలిపి పట్టేస్తుంది. బురదకూ ఇసుకకూ అది.

చిన్నాయన బండి కిందికి దూరి పావుగంట చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు. "మంచిగుంది. ఇగ నడువు, షామీర్‌పేట చెరువు దిక్కు పోదాం" అన్నాడు.

వాన పడి వెలిసిన సాయంత్రం అది. ఓ మట్టిదారి పక్కన దిగి, దారికి అంచున ఒక ఇటుక పెట్టాడు. "నలబై మీద రా. ఇటుక కాడికి రాంగనె బ్రేకు కొట్టు. ఒకపారి రెండు చక్రాల మీద, ఒకపారి లాకుల పెట్టి."

కొట్టాను. రెండు చక్రాల మీద కారు ఇటుక దాటి జారిజారి ఆగింది. చిన్నాయన అక్కడో గీత గీశాడు. ఈసారి లాక్‌లో పెట్టి, హీరోలా కాలరు సర్దుకుని మరీ వచ్చాను. కారు ఇంచుమించు ఆ గీత దగ్గరికే వచ్చి ఆగింది! ముందుకే అడుగున్నర జరిగింది గాని వెనక ఆగలేదు.

"సమజైందా? నాలుగు చక్రాలు తిప్పుడు కదిలేటందుకురా. ఆగేటందుకు కాదు. బ్రేకులు నీ బండికీ నాలుగే, ఆ పొయ్యే డొక్కు కారుకూ నాలుగే. కదిలినంత మాత్రాన ఆగుతదని అనుకున్నోడే గుద్దుతడు."

నేను నవ్వేశాను. ఇలాంటి మాటలు ముసలివాళ్లంతా చెబుతారు గదా అనుకున్నాను. అప్పటికి నా బుర్రనిండా ఛేజింగులే మరి.

1969 నాటి 'ఇటాలియన్ జాబ్' చూశారా? మూడు మినీ కార్లు మెట్ల మీదనుంచి దిగుతాయి, ఫియట్ ఫ్యాక్టరీ కప్పు మీదున్న ట్రాక్ మీద పరుగెడతాయి. 1977 నాటి 'ద స్పై హూ లవ్డ్ మి'లో బాండుగారి తెల్లటి లోటస్ కారు సముద్రంలోకి దూకి చేపలా ఈదుతుంది. ఇప్పుడు లేని మన సంగీత్ థియేటర్లో ఆ పాత బొమ్మ మళ్లీ ఆడినప్పుడు నేను వేసిన ఈల నాకే ఇంకా వినబడుతోంది. ఆ నీళ్లలో తిరిగింది నిజమైన కారు కాదనీ, నీళ్లలో నడిచేలా విడిగా చేసిన డొల్ల అనీ, లోపల రోజర్ మూర్ కాదు, ఊపిరి సాధనాలు కట్టుకున్న డైవర్లున్నారనీ చాలా ఏళ్లకు గాని నాకు తెలియలేదు. తెలిసినా ఏం లాభం? తెలిసింది బుర్రకు. స్టీరింగు మాత్రం ఆ ఈల వేసిన కుర్రాడి చేతిలోనే ఉండిపోయింది.

2020 అక్టోబరు 13. ఆ రాత్రి హైదరాబాదు, సికిందరాబాదుల్లో ఉన్నవాళ్లెవరూ ఆ తేదీ మరిచిపోరు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. కరెంటు లేదు. పనిమీద వచ్చిన చిన్నాయన మా ఇంట్లోనే చిక్కుబడిపోయాడు. రాత్రి తొమ్మిదిన్నరకు చిలకలగూడనుంచి మా అక్క ఫోను. "తమ్ముడూ, ఇంట్లకు నీళ్లొస్తున్నయ్‌రా. అత్తమ్మ మంచం కాళ్లదాకా వచ్చినయ్..." అంతే, ఫోను కట్టయిపోయింది. మళ్లీ కలవలేదు.

హీరోకి ఇంకేం కావాలి చెప్పండి? కష్టంలో అక్క, జోరువాన, వాకిట్లో నాలుగు చక్రాల బండి!

"ఆగురా, బస్తీ పిల్లలు చూసుకుంటరు. తగ్గినంక పోదాం" అన్నాడు చిన్నాయన. నేను అప్పటికే తాళంచెవి తీశాను. ఒక్కణ్ణీ పంపడం ఇష్టంలేక ఆయనా ఎక్కి పక్కన కూర్చున్నాడు.

రోడ్ల మీద నీళ్లు పారుతున్నాయి. రెండుచోట్ల ఆటోలు ఆగిపోయి ఉంటే, వాటి పక్కనుంచి నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లాను. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉంది. చిలకలగూడ వైపు పోయే దారిలో రైలు వంతెన కింద మాత్రం నీళ్లు నల్లగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. హెడ్‌లైటు వెలుగులో లోతు తెలియడం లేదు. వంతెన అంచున గొడుగు లేకుండా నిలబడ్డ కుర్రాడొకడు రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. "మత్ జావ్ భాయ్! మత్ జావ్!"

"వెనుకకు తియ్యి" అన్నాడు చిన్నాయన.

"ఇది నాలుగు చక్రాల బండి చిన్నాయనా."

"అది చక్రాలను చూస్తలేదురా, నీళ్లను చూస్తున్నది. వెనుకకు తియ్యి."

నేను మీట లాక్‌కు తిప్పి, ఫస్టు గేరులో ముందుకే పోనిచ్చాను.

సగం దూరం అద్భుతంగా వెళ్లింది. బానెట్టు మీదికి అల వచ్చింది. ఇంజను ఒకసారి దగ్గింది. ఆగిపోయింది.

"సెల్ఫు కొట్టకు!" అని చిన్నాయన అరవడం విన్నాను. విని కూడా కొట్టాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి లోపల 'టక్'మని ఎముక విరిగినట్టు చప్పుడు.

దాని సంగతి మీకు చెప్పి తీరాలి, రేపు మీరూ బండి నడుపుతారు కాబట్టి. డీజిలు ఇంజను గాలిని పీల్చి, దాన్ని పదిహేనో వంతుకు, ఒక్కోదాంట్లో ఇంకా తక్కువకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు పుట్టిన వేడికే డీజిలు అంటుకుంటుంది. గాలి నొక్కితే నొక్కుడు పడుతుంది. నీళ్లు పడవు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండరులోకి పోతే, పైకి వచ్చే పిస్టను ఆ నీటిని గుద్దుకుంటుంది. నీళ్లు లొంగవు, పిస్టనుకు కట్టిన రాడ్డు వంగుతుంది. పెట్రోలు బండికైనా ఇదే గతి. ఆగిన బండిని కదపకుండా తోసుకుపోయి నీళ్లు తీయిస్తే ఇంజను దక్కే అవకాశం ఉండేది. నేను సెల్ఫు కొట్టి దాన్ని నా చేత్తోనే విరగ్గొట్టుకున్నాను. ఇందులో కారు తప్పు రవ్వంత లేదు.

తలుపు కిందనుంచి నీళ్లు లోపలికి వచ్చాయి. దిగక తప్పలేదు. నడుములోతు నీళ్లు. డెబ్బై నాలుగేళ్ల చిన్నాయన నా భుజం పట్టుకుని నడుస్తున్నాడు. పది అడుగులు వేశామో లేదో, ఆయన కాలు కనబడని గుంటలో దిగబడింది. నా భుజం మీదున్న చెయ్యి జారిపోయింది. మనిషి మునిగాడు.

ఆ మూడు నాలుగు క్షణాలు ఇప్పటికీ రాత్రిపూట నాకు కలలో వస్తాయి. చీకట్లో చేతులతో నీళ్లు దేవుతున్నాను. ఎవర్ని పిలవాలో తెలియలేదు. ఇందాక చేతులూపిన కుర్రాడే పరుగున వచ్చి దూకాడు. వాడి వెనక ఇంకో ఇద్దరు తాడుతో వచ్చారు. ఆయన్ని లాగి గట్టుమీద పడుకోబెట్టారు. ఊపిరి ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఇక మా అక్క సంగతంటారా? ఫోను కట్టయిన పది నిమిషాలకే బస్తీ పిల్లలు అత్తగారిని మంచంతో సహా మేడమీదికి ఎక్కించారట. అందరూ క్షేమం. మేము చేరలేదన్న కబురు తెలిసి, మా కోసమే అక్క తెల్లవార్లూ ఏడుస్తూ కూర్చుంది. నేను వెళ్లకపోతే ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఏమీ అయ్యేది కాదు!

తెలిసినవాళ్లు తరవాత చెప్పారు. రెండడుగుల లోతున పారే నీళ్లు చాలు, చాలా కార్లను ఎత్తి పట్టుకుపోతాయట. టైరు నేలను వదిలేశాక రెండు చక్రాలు తిరిగితేనేం, నాలుగు తిరిగితేనేం? మా అదృష్టం, అవి పారే నీళ్లు కావు.

ఇంజను మరమ్మతుకు బీమా వర్తించలేదు. ఇంజను రక్షణ అని విడిగా కట్టుకోవాలట. నేను కట్టుకోలేదు. మెకానిక్కు వంగిన రాడ్డు నా చేతిలో పెట్టాడు. దాన్ని ఆసుపత్రికి పట్టుకుపోయాను. ఆపరేషను అయి మంచం మీదున్న చిన్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిడతాడని కాచుకున్నాను. తిడితే బాగుండుననిపించింది కూడా. ఆయన ఒక్కటే అడిగాడు.

"బండికి రివర్సు గేరు ఉన్నదా, లేదా?"

"ఉంది."

"కంపినీవాడు ఉత్తగ పెట్టలేదురా దాన్ని."

ఆలోచించి చూడండి. మనం చూసిన వందల బొమ్మల్లో హీరో రివర్సు గేరు ఎప్పుడు వేశాడు? రౌడీలను గుద్దడానికి వేస్తాడు. నీళ్లు చూసి, మనసు మార్చుకుని, 'మనవల్ల కాదు' అని వెనక్కి తీసిన హీరో ఎవరైనా మీకు గుర్తున్నాడా? ఉంటే ఆ సీనుకు ఈల వేసేవాడుండడు. నేనూ వేసి ఉండను.

ఇప్పుడు కాలం మారింది. 2020లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక మారుతివారు డీజిలు కార్లు మానేశారు. డస్టర్‌లో డీజిలూ ఆగింది. ఆ ఏడాది అక్టోబరు 2న వచ్చిన కొత్త థార్ నాలుగు మీటర్ల లోపే, డీజిలుతో నాలుగు చక్రాలూ తిప్పుతుంది. కుర్రకారు దాన్ని చూసి మనసు పారేసుకుంటున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. నేనూ పారేసుకున్నవాణ్ణే. కొనుక్కోండి, కొండలెక్కండి, బురదలో ఆడుకోండి. సెల్‌ఫోను వీడియోకోసం వరదనీళ్లలోకి మాత్రం దింపకండి. సినిమాలో రెండో టేకు ఉంటుంది. మన వంతెన కింద ఉండదు.

నా డస్టర్ కొత్త ఇంజనుతో ఇంకా నాదగ్గరే ఉంది. వంగిన రాడ్డు నా రాతబల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది. చిన్నాయన చేతికర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నెలకోసారి చెకప్‌కు నేనే తీసుకెళతాను.

మొన్నటి వానల్లో అలాగే తీసుకొస్తుంటే దారిలో ఒక పల్లం నిండా నీళ్లు. మోకాలి లోతు ఉంటుందో, ఇంకా ఎక్కువో! వెనక కూర్చున్న మా అక్క కొడుకు హుషారుగా ముందుకు వంగాడు. "మామా, మనది నాలుగు చక్రాల బండి కదా! పోనీ, పోనీ!"

నేను చిన్నాయన వంక చూడలేదు. ఆయనా ఏమీ అనలేదు. కారు ఆపి రివర్సు గేరు వేశాను. మా మేనల్లుడు "అబ్బా!" అని సీటుకు చేరగిలబడ్డాడు, క్లైమాక్సు కట్ చేసిన ప్రింటు చూసినవాడిలా.

చిన్నాయన మాత్రం కష్టపడి నడుము తిప్పి, వెనకద్దంలోంచి దారి చూస్తూ, చేతికర్రతో డాష్‌బోర్డు మీద తాళం వేస్తూ మొదలుపెట్టాడు.

"రానీ... రానీ... రానీ..."